ఆకాశంలో దొంగ రాయి

మా బావ తూనికల ఇన్‌స్పెక్టరుగా ఉన్నంతకాలం ఈగలు త్రాసు మీద వాలడానికి భయపడేవి. వాలితే ఈగ బరువు తీసేసి మళ్ళీ తూయించేవాడని చెప్పుకునేవారు. కళ్ళారా చూశానని ఒట్టు పెట్టను గానీ, చూడలేదని కూడా అనను.

రిటైరయ్యాక తూయడానికి ఏమీ దొరక్క ఆకాశం మీద పడ్డాడు. చుక్కలు చూసేవాళ్ళ సంఘమొకటి ఉంది. వెలుగు పెరిగి తగ్గుతోందేమోనని అనుమానమున్న నక్షత్రం ఒకదాన్ని ఈయనకు అప్పజెప్పింది. పద్ధతి తేలికే. ఎప్పుడూ ఒకేలా వెలుగుతాయని నమ్మిన చుక్కలు రెండు చూసుకోవాలి. ఒకటి అనుమానపు చుక్క కన్నా వెలుగులో కాస్త పెద్దది, ఇంకొకటి కాస్త చిన్నది. ఆ రెండింటి నడుమ ఇది ఎక్కడ నిలుస్తుందో బైనాక్యులర్స్‌తో చూసి చెప్పాలి. వాటిని పోలిక చుక్కలంటారట. బావ మాత్రం తూకపు రాళ్ళనేవాడు.

చీకటి పడగానే బావా, అక్కా డాబా ఎక్కేవారు. అక్క దర్జీ. ఆవిడ కాజా కుడితే గుండీ తనంతట తానే వెళ్ళి దూరేది. ఆ కళ్ళ మీద నమ్మకంతో బావే పిలిచాడు, ఇద్దరం చూస్తే పొరపాటు జరగదని.

కొన్నాళ్ళకు ఇద్దరికీ చెడింది. చుక్క మసకబారుతోందని బావ, ఎప్పటిలాగే ఉందని అక్క. బావ పెద్ద రాయితోనే పోల్చేవాడు. మంచి రాయి ఒకటుంటే రెండోది దేనికని చిన్నదాన్ని వదిలేశాడు. అక్క ఆ చిన్నదాన్నే పట్టుకుంది. వాదన ముదిరి, అక్క కళ్ళు దెబ్బతిన్నాయని బావ తీర్పు చెప్పేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. బట్టలు తెచ్చినవాళ్ళకూ, దారిన పోయేవాళ్ళకూ అదే చెప్పుకున్నాడు, ఎంతో జాలిగా. బట్టలు రావడం మానేశాయి. చివరికి అక్క కూడా నమ్మేసింది. దారం ఒక్కసారి సూదిలో పడకపోతే చాలు, సూది పక్కన పెట్టేసేది. ఒకరోజు కుట్టు మిషను తీసుకెళ్ళి వీధి చివరనున్న శిష్యురాలికి ఇచ్చేసి వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుంది.

నేను వాళ్ళింటికి వెళ్ళింది ఆ వారంలోనే. డాబా మీద బావ ఒక్కడే, చుక్క ఇంకా తగ్గిందని సంబరపడుతున్నాడు. ఆటపట్టిద్దామని అడిగాను.

“బావా, కొట్లో రాయి సరైనదో కాదో ఎలా తేల్చేవాడివి?”

“నా సంచీలో రాయితో తూచి.”

“నీ సంచీలో రాయి మాటేమిటి?”

“ఏడాదికోసారి ఆఫీసులో తూయించి ముద్ర వేయించేవాణ్ణిరా.”

“మరి ఆ పైనున్న రాయికి ముద్ర ఎవరు వేశారు బావా?”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. బైనాక్యులర్స్ ఎత్తి తన పెద్ద రాయిని, ఎన్నాళ్ళుగానో చూడని చిన్న రాయితో పోల్చాడు. తర్వాత చుట్టుపక్కల చుక్కలన్నింటితో పోల్చాడు. సంఘం ఇచ్చిన చుక్కల పటంలో దానికి సమానమని ఉన్న చుక్క కన్నా దాని వెలుగు బాగా పెరిగి ఉంది. అనుమానపు చుక్క మారలేదు. రాయే బరువెక్కుతూ వచ్చింది, దాని పక్కన ఇది తేలిపోతూ వచ్చింది. సంఘం వాళ్ళయితే ఇంత సంగతి పట్టుకున్నందుకు భుజం తట్టేవారే. బావ మాత్రం బైనాక్యులర్స్ పిట్టగోడ మీద పెట్టేశాడు. నేను ఇంకో చురక వేయబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. నా జన్మలో అదే మొదలు.

కిందికి దిగాం. మిషను లేని ఖాళీ మూలను అక్క తుడుస్తోంది.

“నీ కళ్ళకేం కాలేదు,” అన్నాడు బావ. “నా రాయే తప్పుడుది.”

అక్క తుడవడం ఆపలేదు. “నాకు చెప్పి ఏం లాభం? అప్పుడు నాకొక్కదానికే చెప్పారా?”

మర్నాడు బావ శిష్యురాలి ఇంటి నుంచి ఆ మిషనును నెత్తిన పెట్టుకుని వీధంతా నడిచాడు. నన్ను చెయ్యి వేయనివ్వలేదు. ప్రతి గుమ్మం ముందూ దించడం, ఆవిడ కళ్ళు బాగున్నాయి, తప్పు నాదని చెప్పడం, మళ్ళీ ఎత్తుకోవడం. ఒకప్పుడు ఈయన చేతిలో రాళ్ళు పోగొట్టుకున్న షావుకారు మాత్రం తీరిగ్గా గుమ్మానికి ఆనుకుని, మరి ఆ రాయిని ఎప్పుడు జప్తు చేస్తారు ఇన్‌స్పెక్టరుగారూ అని అడిగాడు. బావ తల దించుకున్నాడు. షావుకారుకు కూడా ఆ తర్వాత నవ్వు రాలేదు.

మిషను మూలకు చేరింది. అక్క కూర్చుని సూదిలో దారం పెట్టబోయింది. తప్పింది. బావ గబుక్కున మొహం తిప్పుకున్నాడు. మళ్ళీ తప్పింది.

“దూరిందా?” అన్నాడు, గోడ వైపు చూస్తూనే.

కాసేపటికి మిషను చప్పుడు మొదలైంది. బావ మాత్రం ఇటు తిరగలేదు.