హద్దు దాటిన టికెట్టు

వెనకనుంచి జుట్టు పట్టి గుంజిన చేయి ఎవరిదో నడీన్‌కి తిరిగి చూడకుండానే తెలిసింది. ఆ పట్టుతో ఆరేళ్లు కాపురం చేసింది మరి. మరుక్షణం ఆమె తల వెళ్లి ఇనప కమ్మీకి కొట్టుకుంది. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి దిగింది.

"ఏంటే, పలకరించవా?" అన్నాడు వేలన్. "మిస్సోరి నుంచి తెల్లారగట్ల బయల్దేరాను. దార్లో కాఫీ కూడా తాగలేదు."

ఆమె అరిచింది. ప్రయోజనం లేదు. ఆ రోజు యార్డులో పశువుల వేలం. లౌడ్‌స్పీకర్లో వేలంపాట పాడేవాడు ఊపిరి తీసుకోకుండా ధర పెంచుతున్నాడు. వెనక దొడ్లలో వందల పశువులు ఒక్కసారే రంకెలు వేస్తున్నాయి. ఆ హోరులో ఆడదాని కేక ఎవరికి వినిపిస్తుంది?

వేలన్ ఆమెను తనవైపు తిప్పి పొట్టలో ఒక్క గుద్దు గుద్దాడు. నడీన్ పేడలో మోకాళ్ల మీద పడింది. ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

"ఎలా కనుక్కున్నావు?" అంది. తెలుసుకోవాలని కాదు. మాటల్లో పెడితే గడువు దొరుకుతుందని. తన తెలివి చెప్పుకోవడమంటే వేలన్‌కి మహా ఇష్టం.

"నీ కాలే పట్టించింది. యాక్సిలరేటర్ తొక్కే కాలు. వసంతంలో ఇక్కడ అతివేగానికి జరిమానా టికెట్ తిన్నావుగా?"

"దానికి డబ్బు కట్టేశాను."

"కట్టావు గనకే దొరికావు, పిచ్చిదానా. కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. ఇక్కడి కోర్టు ఆ సంగతి మన రాష్ట్రానికి చేరవేసింది. మనవాళ్లు నీ లైసెన్సు మీద తప్పు పాయింట్లు వేశారు. రెన్యూవల్ వచ్చిందని మన ఇన్సూరెన్స్ ఏజెంటు డ్వైట్ నీ రికార్డు చూశాడు. 'మీ ఆవిడ నెబ్రాస్కాలో దుమ్ము లేపుతోంది, నీ ప్రీమియం పెరుగుతుంది' అని నాకు ఫోన్ చేశాడు. ఏ కౌంటీ రా అంటే అదీ చెప్పాడు, పాపం. ఇక్కడికొచ్చి నా పికప్ ట్రక్కు ఎక్కడుందో వెతకడమేగా మిగిలింది."

నడీన్ కళ్లు మూసుకుంది. పికప్ ఇద్దరి పేరా ఉంది. ఇన్సూరెన్స్ కూడా అంతే. విడిగా తీసుకోవాలంటే ఈ ఊరి అడ్రసు రాయాలి, లైసెన్సు మార్చుకోవాలి. అవి చేస్తే వేలన్‌కి తెలిసిపోతుందని భయపడి పాతవే ఉంచుకుంది. టికెట్ పడ్డ రోజు, తనకు పనిచ్చిన యార్డు యజమానురాలు ఆర్డిస్‌ని సలహా అడిగింది. "మిస్సోరి లైసెన్సేగా? కట్టి పారెయ్ అమ్మాయ్. పక్క రాష్ట్రం టికెట్టు ఇంటి గడప ఎక్కదు" అందావిడ. ట్రెయిలర్లలో పశువులు తోలుకొచ్చే ప్రతి డ్రైవరూ అదే మాట అంటాడు. అందరూ అంటున్నారు గదా అని నడీన్ నమ్మేసింది. తాను ఎవరినుంచి దాక్కుందో ఆర్డిస్‌కి ఆ రోజు చెప్పనూ లేదు.

వేలన్ జాకెట్ లోంచి తుపాకీ తీశాడు.

"లే. పికప్ ఎక్కు. ఇంటికెళ్దాం."

ఆ బండి ఎక్కితే తాను ప్రాణాలతో దిగదని నడీన్‌కి తెలుసు. ఇల్లు వదిలితే చంపుతానని అతను ముందే అన్నాడు. వేలన్ తాగి అన్న మాట మరిచిపోవచ్చు గానీ ఇది తాగకుండా అన్న మాట.

లేచింది. తుపాకీ గొట్టం పక్కటెముకల్లో గుచ్చుకుంటుంటే దొడ్ల మధ్య సందులో నడిచింది. మూలదొడ్లో నల్ల ఆబోతు ఒకటి ఒంటరిగా ఉంది. పొద్దున్న దాన్ని దించేటప్పుడు ఇద్దరు మగాళ్లు భయపడి కంచె ఎక్కారు. నడీన్ ఆలోచించలేదు. గేటు గొలుసు లాగి లోపలికి దూకింది.

"ఏయ్!" అంటూ వేలన్ వెంటబడ్డాడు. ఊళ్లో పాడైన బండ్లు లాగే వ్యాపారం అతనిది. పశువు ఎదుట పరుగెత్తకూడదని అతనికి ఎవరూ నేర్పలేదు.

అవతలి కంచెలో మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు ఉంటుంది, పనివాళ్లు తప్పించుకోవడానికి. నడీన్ అందులోంచి జారిపోయింది. వేలన్ కూడా దూరబోయాడు. బొజ్జ పట్టలేదు. వెనక్కి తిరిగేసరికి ఆబోతు అతని మీదకు వచ్చేసింది.

ఎముక విరిగిన చప్పుడు లౌడ్‌స్పీకర్ హోరులోనూ వినిపించింది. వేలన్ గాల్లోకి లేచి గేటుకి లోపలివైపు పడ్డాడు. నడీన్ కంచె చుట్టూ పరుగెత్తి గేటు మూసి గొలుసు తగిలించింది.

"తియ్యి," అన్నాడతను కమ్మీల కిందనుంచి. ఎడమ చేయి మోచేతి కింద వేరేవైపు తిరిగి ఉంది. కుడి చేతిలో తుపాకీ అలాగే ఉంది.

"ముందు అది ఇటు విసురు."

వేలన్ విసరలేదు, పేల్చాడు. గుండు ఆమె భుజం కండను చీల్చుకుపోయింది. ఆ పేలుడుకి ఆబోతు రెచ్చిపోయి నేరుగా వచ్చి అతన్ని కమ్మీలకేసి నొక్కింది. మళ్లీ నొక్కింది. వేలన్ నోట్లోంచి రక్తం బుడగలుగా వచ్చింది.

"నడీన్. బుద్ధొచ్చింది. తియ్యవే."

"తుపాకీ."

ఈసారి కమ్మీల కిందనుంచి తుపాకీ జారి బయటికొచ్చింది. నడీన్ దాన్ని దూరంగా తన్ని, గేటు కాస్త తెరిచి, అతని కాలరు పట్టి లాగింది. ఆబోతు కొమ్ము గేటుకు ఖణేలుమని తగిలింది.

బయటపడగానే వేలన్ ఆమె చీలమండ పట్టుకున్నాడు. వచ్చిన బుద్ధి అంతమాత్రమే.

"బెయిలు మీద వస్తా," అన్నాడు గురగురమంటూ. "ఏ రాష్ట్రం పోతావో పో. చిన్న తప్పు చేశావా, కబురు నాకొస్తుంది."

నడీన్ రెండో కాలి బూటు మడమ ఎత్తి అతని మణికట్టు మీద బలమంతా పెట్టి దించింది. చేయి వదిలింది. ఇంకోసారి దించింది, అవసరం లేకపోయినా.

తుపాకీ మోత విని ఆర్డిస్ పరుగెత్తుకొచ్చింది. ఒక్క చూపులో ఆవిడకు జరిగింది అర్థమైంది.

"ఎవడు వీడు?"

"మా ఆయన."

"ఓ." ఆర్డిస్ తన మెడకున్న రుమాలు విప్పి ఆమె భుజానికి బిగించింది. "పోలీసు డెప్యూటీకి ఫోన్ చేశారు, వస్తున్నాడు. చూడు, వెళ్లిపోవాలంటే వెనక గేటు తెరిచే ఉంది. నిన్ను నేను చూడలేదంటాను. పశువు కుమ్మిందంటే ఎవడూ అడగడు."

నడీన్ వెనక గేటు వైపు చూసింది. బూడిదరంగు పికప్ కనిపిస్తోంది. తాళం జేబులోనే ఉంది. తాను వెళ్లిపోతే వేలన్ ఆస్పత్రిలో ఉత్త బాధితుడు. కట్టు కట్టించుకుని, ఎముకలు అతికాక, మళ్లీ వెతుకుతాడు.

"వద్దండీ," అంది. "వాడు నన్ను కాల్చాడు. ఆ మాట నేనే చెప్పాలి."

డెప్యూటీ వచ్చేసరికి ఆమె పేడలోనే కూర్చుని ఉంది, వేలన్ మీంచి చూపు తిప్పకుండా. డెప్యూటీ బేడీ తీసి వేలన్ చేతులు చూశాడు. రెండు చేతులూ పనికి రావు. చివరికి కాలికి వేసి, అంబులెన్సు వాళ్లు తెచ్చిన స్ట్రెచర్‌కి బిగించాడు.

"మీ పేరు, ఉండేది ఎక్కడమ్మా?" అన్నాడు.

నడీన్ పూర్తి పేరు చెప్పింది. ఆ తర్వాత ఆర్డిస్ ఇంటి పైగది అడ్రసు, వీధి పేరుతో సహా, స్ట్రెచర్ మీదివాడికి వినపడేంత గట్టిగా చెప్పింది.