నెమొతో గారి బియ్యం

లీలావతికి ఎవరితోనైనా ఇట్టే చనువు కుదురుతుంది. సింగపూర్ టాంపినీస్‌లో వాళ్ళ ఎదురు ఫ్లాట్‌లోకి అద్దెకు దిగిన జపాన్ ఆవిడతో వారం తిరక్కుండానే కాఫీల దాకా వచ్చేసింది. "సాన్ అంటే మన గారేనటండీ" అని భర్త సీతారామారావుకు చెప్పి, నెమొతో సాన్‌ను కాస్తా నెమొతో గారిని చేసేసింది. ఆవిడా అలా పిలిస్తే పలికేవారు.

నెమొతో గారు సోషియాలజిస్టు. సొంతూరు ఫుకుషిమా వైపు. అణు విద్యుత్ కేంద్రం ప్రమాదం తర్వాత ఖాళీ చేయించిన ఊళ్ళకు మళ్ళీ తిరిగొచ్చిన వాళ్ళ మధ్య ఉండి, వాళ్ళ మాటలు వినడం ఆవిడ పని. పుస్తకం రాయడానికి ఏడాదిపాటు సింగపూర్ వచ్చారు. అక్కడే కూర్చుని రాయొచ్చు కదా అని లీలావతి అడిగితే, "అక్కడైతే మా అమ్మ వెనక నుంచుని చదువుతున్నట్టు ఉంటుంది" అని నవ్వారు.

"దేని గురించండీ పుస్తకం?"

"థాంక్యూ గురించి" అన్నారు నెమొతో గారు. "తిరిగొచ్చిన ముసలివాళ్ళు కూరలు పండించి పట్నంలో ఉన్న చుట్టాలకు పంపిస్తారు. రేడియేషన్ పరీక్ష చేయించే పంపిస్తారు, ఏ దోషమూ ఉండదు. చుట్టాలు ఫోన్ చేసి, ఎంత బావున్నాయో, థాంక్యూ అంటారు. సంచీ మాత్రం విప్పకుండా పారేస్తారు."

ఇంకో రోజు తన పెళ్ళి కబురూ చెప్పారు. నిశ్చయమయ్యాక, ఆ ప్రాంతం పిల్లకు పుట్టబోయే బిడ్డలు ఎలా ఉంటారోనని పెళ్ళికొడుకు తల్లి అడిగిందట. పెళ్ళి అంతటితో ఆగిపోయింది. లీలావతికి ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడెవరో గానీ, మనిషన్నాక కాస్త ఇంగితం ఉండక్కర్లా?" అంది.

సెలవులకు ఊరెళ్ళిన నెమొతో గారు ఒక చిన్న బియ్యం సంచీతో తిరిగొచ్చారు. లీలావతి కూతురు నిఖిలకు సీమంతం దగ్గర పడిందని ఆవిడకు తెలుసు. సంచీని రెండు చేతులతో అందించారు.

"ఇన్నేళ్ళూ బీడుపడి ఉన్న పొలంలో మా అమ్మ మళ్ళీ పండించింది. పరీక్ష కూడా అయింది. మీ అమ్మాయి వేడుకకు వాడతారా?"

"ఎంత మాట! పరమాన్నం దీంతోనే చేస్తాను" అని లీలావతి ఆ సంచీని కళ్ళకద్దుకుంది. ఆ నిమిషాన ఆ మాట నిజంగానే అంది.

సీమంతం నాడు పొద్దున్నే వంటింట్లో నిలబడేసరికి మాత్రం చెయ్యి రాలేదు.

"పరీక్ష చేసిన బియ్యమేగా?" అన్నాడు సీతారామారావు.

"నాకు తెలీదేంటండీ? కడుపుతో ఉన్నది మీ కూతురేనండీ" అని కసిరింది. ఆయన పేపరు తీసుకుని హాల్లోకి వెళ్ళిపోయాడు.

లీలావతి ఆ సంచీని ఇడ్లీ రవ్వ డబ్బా వెనక్కి నెట్టేసి, సెరంగూన్ రోడ్డులో కొన్న సోనా మసూరి కడిగి పొయ్యిమీద పెట్టింది. పాలల్లో, బెల్లంలో ఉడికాక ఏ బియ్యమైనా ఒకటేలే అని సర్దిచెప్పుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అన్నం తింటున్న మనిషి అనుకోవలసిన మాటేనా అది? భయంలో ఆ మాత్రం తెలివి కూడా పనిచెయ్యలేదు పాపం.

ముత్తైదువలంతా వచ్చారు. గాజులు తొడిగారు, అక్షింతలు వేశారు, పాట పాడారు. పరమాన్నం గిన్నెలు చేతికందాక, బియ్యం మారిన సంగతి తెలియని నిఖిల కుర్చీలోంచి హుషారుగా చెప్పింది.

"ఆంటీస్, ఇది స్పెషల్ రైస్! నెమొతో ఆంటీ వాళ్ళ పొలంలోది. ఫుకుషిమా నుంచి వచ్చింది!"

ఒకావిడకు ఉన్నట్టుండి షుగరు గుర్తొచ్చింది. ఇంకొకావిడ తర్వాత తింటానని గిన్నె టీపాయ్ మీద పెట్టేసింది. అది నెమొతో గారు చూశారు. ఆవిడ చూడ్డం లీలావతి చూసింది. మాట మార్చడానికి "నెమొతో గారూ, అమ్మాయికి మీ చేత్తో తినిపించండి" అని పిలిచింది.

నెమొతో గారు స్పూన్‌తో పరమాన్నం తీశారు. నిఖిల నోటిదాకా తీసుకెళ్ళి, స్పూన్‌లోకి చూసి ఆగిపోయారు.

ఆవిడకే భయమేసింది, ఇక నాదేం తప్పు అనుకుంది లీలావతి. అనుకున్నందుకు వెంటనే సిగ్గేసింది. ఈలోపు నిఖిలే ముందుకు వంగి ఆ స్పూన్ నోట్లో పెట్టుకుని, "సూపర్ ఉంది ఆంటీ" అంది.

చుట్టాలు వెళ్ళాక నిఖిల లోపల గదిలో నడుం వాల్చింది. నెమొతో గారు వద్దన్నా వినకుండా గిన్నెలు తోముతున్నారు. లీలావతికి నోట్లో మాట నిలవలేదు.

"నెమొతో గారూ, మీకో సంగతి చెప్పాలి. ఆ పరమాన్నం..."

"మా బియ్యం పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది" అన్నారు నెమొతో గారు తలెత్తకుండా. "మీ గింజ సన్నం. స్పూన్‌లో చూడగానే తెలిసింది."

లీలావతికి భూమిలోకి కుంగిపోతే బావుండుననిపించింది. "నామీద కోపం వచ్చిందా?"

"వస్తే బావుండేది." నెమొతో గారు కుళాయి కట్టేశారు. "నాకు ముందు హమ్మయ్య అనిపించింది. మా అమ్మ పండించినది మీ అమ్మాయి కడుపులోకి వెళ్ళడం లేదు, హమ్మయ్య అనుకున్నాను. ఏళ్ళ తరబడి ప్రతి ఇంట్లో కూర్చుని, ఏం కాదు, ఊరికే భయపడుతున్నారు అని చెప్పినదాన్ని. చెయ్యి అందుకే ఆగింది."

ఆవిడ ఏడ్చేశారు. లీలావతి తడిచేతులతోనే దగ్గరకు తీసుకుంది. తనకూ ఏడుపు ఆగలేదు.

"ఆ పెళ్ళికొడుకు తల్లిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇవాళ నేను చేసిందీ అదేగా" అంది.

"కాసేపట్లో అమ్మ ఫోన్ చేస్తుంది" అన్నారు నెమొతో గారు కళ్ళు తుడుచుకుంటూ. "బియ్యం ఎలా ఉన్నాయని అడుగుతుంది. నేనేం చెప్పను? బావున్నాయి, థాంక్యూ అని చెప్పనా?"

లీలావతి డబ్బా వెనక నుంచి సంచీ తీసింది. గుప్పెళ్ళతో పోసి, కడిగి, అన్నం వండింది. మూత తీస్తే తెల్లగా, ముద్దముద్దగా ఉంది. వేడివేడి అన్నంలో కందిపొడి, నెయ్యి వేసి ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. నెమొతో గారు చేత్తోనే కలుపుకుని తిన్నారు. లీలావతి మొదటి ముద్ద భయంగానే మింగింది. రెండో ముద్దకు రుచి తెలిసింది.

"అంతా విన్నాను" అంటూ గది గుమ్మంలో నిఖిల. వచ్చి ఖాళీ కంచం ముందుకు లాక్కుంది. "నాకూ పెట్టమ్మా."

లీలావతి గరిటె పట్టుకుంది. నెమొతో గారి వంక చూసింది. ఆవిడ లీలావతి వంక చూశారు. పరీక్ష అయిన బియ్యమని ఇద్దరికీ తెలుసు. కాసేపటి క్రితం ఇద్దరూ ఏడ్చింది కూడా దీని గురించే. అయినా గరిటె గిన్నెలోంచి పైకి లేవలేదు.

నిఖిల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తల్లి చేతిలోంచి గరిటె మెల్లగా తీసుకుని, తానే వడ్డించుకుని తినడం మొదలుపెట్టింది.

అప్పుడే వీడియో కాల్ వచ్చింది. తెరమీద నెరిసిన జుట్టుతో ముసలావిడ. నెమొతో గారు సంతోషంగా ఫోన్ తిప్పి చూపించారు. నిఖిల పొట్ట మీద చెయ్యి వేసుకుని, కంచం ఎత్తి నవ్వింది.

ముసలావిడ నవ్వలేదు. గాభరాగా ఏదో అడిగింది. నెమొతో గారి మొహం పాలిపోయింది.

"ఏమంటున్నారు ఆంటీ?"

నెమొతో గారు ఫోన్ అలాగే పట్టుకుని చెప్పారు.

"కడుపుతో ఉన్న పిల్లకు ఎందుకు పెట్టావు అంటోంది. ఈ బియ్యం నీకని పంపాను కదా అంటోంది."

తెరమీది ముసలావిడ చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నిఖిలనే చూస్తోంది.

నిఖిల నోట్లో ముద్ద నమిలి మింగింది.

"ఎవరూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నానని చెప్పండి" అని, ఆవిడకు కనబడేలా ఇంకో గరిటె వడ్డించుకుంది.