దేవుడి తొడలో చప్పుడు

రోడ్స్ దీవిలో భూమి కంపించిన నాడు సూర్యదేవుడి కంచు విగ్రహం మోకాళ్ళ దగ్గర విరిగి బోర్లా పడింది. ఊరంతా గుండెలు బాదుకుంది. వలలు అల్లుకుని బతికే డెబ్బై ఏళ్ళ ఫిలిన్న మాత్రం ఏడవలేదు. తొడలు పగిలి లోపలి డొల్ల బయటపడిందని వినగానే కర్ర పుచ్చుకుని బయల్దేరింది.

ఆమె తండ్రి సిమోస్ ఆ విగ్రహం కట్టిన రోజుల్లో రాళ్ళు మోశాడు. కంచు ఒక వరస పోయగానే లోపల రాళ్ళు నింపేవారు. బయట మట్టికట్ట లేపి, దాని మీద నిలబడి పై వరస పోసేవారు. కిందిది మట్టిలో కప్పబడిపోయేది. ఒకనాడు సిమోస్ ఇంటికి రాలేదు. గునపం ఎత్తుకుని పారిపోయాడని మేస్త్రీ చాటించాడు. లోపలికి దిగినవాళ్ళు పైకొచ్చారో లేదో చూసే తీరిక ఆ మేస్త్రీకి ఎక్కడిది? నాటి నుంచి అది దొంగ ఇల్లు. ఫిలిన్న దొంగ కూతురు.

ఆ వారమే కట్టలోంచి చప్పుడు వినబడింది. మూడు దెబ్బలు. ఆగి, మళ్ళీ మూడు. దేవుడికి ప్రాణం వస్తోందన్నారు పూజారులు. సూర్యుడికి ద్రాక్షసారా పనికిరాదు గనక జనం తేనెనీళ్ళు తెచ్చి కట్ట మీద పోశారు. మొగుడు తిరిగి రావాలని మొక్కి ఫిలిన్న తల్లీ పోసింది. అయిదో నాటికి చప్పుడు ఆగింది. దేవుడు తృప్తిపడ్డాడని అందరూ ఇళ్ళకు పోయారు.

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం. పిట్ట కూడా కూయడం లేదు. పడినదాన్ని కదపవద్దని దైవవాక్కు వచ్చిందట, ఊరు లైకోన్ అనేవాణ్ణి కాపలా పెట్టింది. దేవుడికి రోజూ పోసే తేనెనీళ్ళ గిన్నె చేత్తో పట్టుకుని అడ్డం వచ్చాడు.

"అవ్వా, ఎక్కడికి? కాళ్ళు విరిగింది ఆయనకి, మతిపోయింది నీకా?"

"మా అయ్య లోపలున్నాడేమో చూసొస్తాను."

"పారిపోయినోడు లోపలెందుకుంటాడే?"

"లేకపోతే దొంగే అని నేనే ఊరంతా చెప్తాను. తప్పుకో."

ఎడమ తొడలోకి పాక్కుంటూ దూరింది. కంచు కాలుతోంది. జారిన రాళ్ళ వెనక మనిషి పట్టేంత సందు, అందులో ముడుచుకున్న ఎముకలు. పక్కనే గునపం. దాని మీద మూడు గాట్లు, తల్లి చెప్పిన గుర్తే. ఎదురుగా కంచు గోడ నిండా లోపలినుంచి పడిన సొట్టలు. ఫిలిన్న వేళ్ళతో తడిమింది. మూడేసి, మూడేసి. కిందికి వచ్చేకొద్దీ లోతు తగ్గాయి.

అమ్మ తేనెనీళ్ళు పోసింది ఈయన నెత్తిన.

ఎముకలు పైగుడ్డలో మూటగట్టి, గునపం ఈడ్చుకుంటూ బయటికొచ్చింది. లైకోన్ మళ్ళీ అడ్డం వచ్చాడు.

"కదపకూడదవ్వా. ఊరికి అరిష్టం."

"ఇది ఊరిది కాదు. మా అయ్య."

కుడి తొడలోంచి మూడు దెబ్బలు వినబడ్డాయి. ఆగి, మళ్ళీ మూడు. కట్టిన నాడు అక్కడ నింపిన రాళ్ళు ఇంకా కదలనైనా లేదు, వాటి వెనక ఇంకెవరో ఉన్నారు. లైకోన్ చెయ్యి అలవాటు కొద్దీ గిన్నె పైకెత్తింది, పోయడానికి.

ఫిలిన్న గునపం ముందుకు చాచింది.

"మళ్ళీ పోస్తావా?"

లైకోన్ గిన్నె కింద పెట్టి గునపం అందుకున్నాడు.