బఠాణీ గీసిన చేటంత చెవి

"దర్జీ గారోయ్! మీ చెల్లెలి బాతులొచ్చేస్తున్నాయి, బట్టలు లోపల పెట్టుకోండి!"

ఇస్త్రీ ఆయన వేసిన కేక వీధి ఆ చివర నుంచి ఈ చివరికి వినబడింది. పిల్లల వెనకాల నడిచొస్తున్న టీచరుకి తల కొట్టేసినట్టయింది. ముందు ఇరవై ఆరుగురు పిల్లలు, వాళ్ళ వెంట ఇరవై ఆరు పచ్చటి బాతులు.

ఆ బళ్ళో పిల్లలు కంప్యూటర్‌లో ఏ బొమ్మ వేస్తే అది సాయంత్రం వాళ్ళ వెంటే ఇంటికొస్తుంది. రాత్రి అంట్లు తోమే వేళకి పల్చబడి మాయమైపోతుంది. దానికెవరూ వింతపడరు. వానొస్తే గొడుగు తీసినట్టే, బడి వదలగానే సైకిళ్ళు పక్కకి జరుపుకుంటారు, అంతే.

పాత సాఫ్ట్‌వేర్ మూలపడింది. కొత్తది ఎంచే పని టీచరు మీద పడింది. ఉన్నవి రెండు, రోజుకొకటి పిల్లల చేతికిచ్చి చూద్దామనుకుంది. మొదటిదాంట్లో బొమ్మలన్నీ తయారుగా ఉంటాయి. మీట నొక్కితే బాతు పడుతుంది.

"మావాడి బాతు ఏదమ్మా?" అంది ఒక తల్లి.

"అన్నీ ఒకటేగా వదినా, దొరికినదాన్ని పట్టుకుపో!" అంది ఇంకొకామె.

హెడ్మాస్టరుకి మాత్రం బాతులు తెగ నచ్చాయి. "ఎంత నీటుగా ఉన్నాయో చూశారా? రెండోది కూడా చూసి, ఎల్లుండి పొద్దున్నే ఏదో ఒకటి తేల్చి రాసివ్వండి," అన్నాడు.

ఎల్లుండి పొద్దున! టీచరుకి ఇంకో పని గుర్తొచ్చింది. వాళ్ళన్నయ్య దర్జీ కూడా ఆ పొద్దున్నే కూతురి హాస్టల్ ఫారం ఇచ్చి రావాలి.

దర్జీకి ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. గుండ్రంగా, బుల్లిగా ఉంటుందని బఠాణీ అంటారు. దానికి మాట ఆగి ఆగి వస్తుంది. ఆ ఆగడం చూడలేక ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ మిగతాది తామే పూర్తిచేసేస్తారు. "నా... నాకు..." అంటే చాలు, నానమ్మ నీళ్ళ చెంబుతో తయారు. పాపం, చాలాసార్లు ఆ పిల్లకి దాహమే ఉండదు.

కిందటి వారం దర్జీ అడిగాడు. "దూరపు ఊళ్ళో మాట బాగుచేసే హాస్టలుందట. వెళ్తావా తల్లీ?"

"నా... నాన్నా, నే... నేను..."

"వెళ్తానంటోంది, బంగారం!" అని కళ్ళు తుడుచుకున్నాడు. టీచరూ తుడుచుకుంది. ఫారం నింపేశారు.

బాతులొచ్చిన మర్నాడు బళ్ళో రెండో సాఫ్ట్‌వేర్ తెరిచారు. అందులో ఏముందీ, ఒక తెల్ల పేజీ, ఒక కుంచె, మన గొంతు పట్టుకునే ఎర్ర మీట. అది కూడా పది సెకన్ల మాటే పట్టుకుంటుంది. బఠాణీ గదికి వీపు తిప్పేసి, మైకుని పెదాలకి ఆనించుకుని మధ్యాహ్నమంతా కూర్చుంది.

ఆ సాయంత్రం వీధి చూడాలి! మూడు చక్రాల పిల్లి, జుట్టున్న పడవ, జలుబు చేసిన సూర్యుడు. ఏ తల్లీ ఎవరి బొమ్మ ఏదని అడగలేదు. బఠాణీ వెనక ఆకుపచ్చటిదేదో వచ్చింది. ఆరు కాళ్ళు, ఒకే ఒక్క చెవి. అదీ చేటంత.

ఇంట్లో నానమ్మ దర్జీకీ, టీచరుకీ, బఠాణీకీ కంచాలు పెట్టింది, దానిక్కూడా ఒకటి. దర్జీ అలవాటుకొద్దీ మెడలోంచి టేపు తీసి ఆ చెవి కొలిచాడు. "ముప్పై రెండంగుళాలు! దీనికి టోపీ కుట్టాలంటే తలప్రాణం తోకకొస్తుంది."

అది నోరు తెరిచింది. గొంతు బఠాణీది.

"నా... నాన్నా, నే... నేను హా... హాస్టలుకి..."

అక్కడితో ఆగిపోయింది. పది సెకన్లూ అయిపోయాయి మరి.

"వెళ్తా..." అని దర్జీ అందుకోబోయాడు. ఆ చెవి బఠాణీ వైపు తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ తెరలాగా దర్జీ మొహం మీద పడి నోరు మూసేసింది. టీచరు నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్ళ మధ్య పట్టుకుంది. నానమ్మ చేతిలో చెంబు గాల్లోనే ఉండిపోయింది. గోడ గడియారం ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది.

"వె... వెళ్ళను," అంది బఠాణీ.

కంచం కొంచెం పక్కకి జరిపింది.

"నా దగ్గర మా... మాటలున్నాయి. మీ... మీరే ఆ... ఆగరు."

దర్జీ మెల్లిగా చెవిని పక్కకి జరిపాడు. అది తడిసి ఉంది. "ఇంకా ఏమైనా ఉందా తల్లీ? ఎంతసేపైనా పర్లేదు, ఆగుతాను."

"ఉ... ఉంది. నా... నానమ్మా, నాకు దా... దాహం లేదు."

నానమ్మ చెంబు కింద పెట్టేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నవ్వో ఏడుపో తెలియకుండా ఊగిపోయింది.

దర్జీ కొట్టులోకెళ్ళి సొరుగులోంచి ఫారం తెచ్చాడు. చింపబోతుంటే టీచరు లాక్కుంది. "ఉండన్నయ్యా, వెనక తెల్లగానే ఉందిగా," అని నిలబడే రాసింది: "రెండోదే తీసుకుందాం సార్. పది సెకన్లు మా పిల్లలకి చాలవు. పెంచమని ఆ కంపెనీ వాళ్ళకి చెప్పండి."

"రే... రేపు రాయొచ్చుగా అత్తా. కూ... కూర చల్లారిపోతోంది. అం... అందరూ రండి."

ఆ మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు కూర్చున్నారు అందరూ. ఆకుపచ్చటిది కూడా ఆరు కాళ్ళూ మడుచుకుని బఠాణీ పక్కన సర్దుకుంది. ఆ రాత్రి అంట్లు చాలా ఆలస్యంగా పడ్డాయి.