తల దించకుండా పది నిమిషాలు

ఆరాధన వేళ్ళకు వేగం లోటు లేదు. లోటల్లా మెడతోనే. నాలుగు అక్షరాలు కొట్టిందంటే చాలు, తల దించి కీబోర్డు వంక చూడాల్సిందే. మళ్ళీ తలెత్తి కాగితంలో ఎక్కడిదాకా వచ్చిందో వెతుక్కోవాల్సిందే. ఆ వెతుకులాటలో ఒక మాట ఎగిరిపోయేది, ఒక మాట రెండుసార్లు పడేది. దర్శిలో టైపు నేర్పే జక్రయ్య మాస్టారు ఆమె చేతుల మీద తువ్వాలు కప్పి మరీ కొట్టించేవారు.

"నీ వేళ్ళను నువ్వే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారే పిల్లా! తువ్వాలు తీశానంటే మళ్ళీ కోడిపిల్లలా గింజలేరతావు" అని తల పట్టుకునేవారు. ఆయన అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. తువ్వాలు ఉన్నంతసేపే బుద్ధి, తీస్తే షరా మామూలే.

కోర్టులో టైపిస్టు ఉద్యోగానికి రాతపరీక్ష ఎలాగో గట్టెక్కింది. ఇక టైపు పరీక్ష మిగిలింది. పోయినసారి బోల్తా పడింది అక్కడే. వేగం బ్రహ్మాండం, తప్పులు బోలెడు. ఈసారీ పోతే ఇక వయసు దాటిపోతుంది, ఇన్నేళ్ళ చదువూ నీళ్ళపాలు. ఆ తర్వాత ఉండేది అమ్మ పక్కన కల్లంలో కూచుని మిరపకాయల తొడిమలు తీయడమే.

అమ్మ సంతోషకుమారి మాత్రం పరీక్ష తేదీ తెలిసిన దగ్గర్నుంచి కూతుర్ని కల్లం ఛాయలకు రానివ్వలేదు. "వేళ్ళు మంటలెత్తితే ఏం కొడతావే? నీ వంతు కూడా నేనే తీస్తాలే, ఫో" అని తరిమేసేది.

పరీక్ష రోజు పొద్దున ఒంగోలు బస్సు కదలబోతుంటే అమ్మ రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. కల్లంలో పని మధ్యలో లేచి, ఇంటికెళ్ళి, దండెం మీది రుమాలు పిడికిట్లో పట్టుకుని వచ్చింది. "ఊరికే చెమటలు పడతాయి కదే నీకు! రుమాలు లేకుండా ఎట్టా పోతున్నావు?" అని కేకలేస్తూ కిటికీలోంచి కూతురి ఒళ్ళోకి విసిరింది.

పరీక్ష గదిలో ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటేగానీ గాలి ఎవరికీ తగలడం లేదు. బెల్లు కొట్టబోయే ముందు ఆరాధన రుమాలు తీసి నుదురూ కళ్ళూ గట్టిగా తుడుచుకుంది. బెల్లు మోగింది.

మొదటి రెండు వరుసలు సాఫీగా నడిచాయి. మూడో వరుసలో ఎడమకన్ను చురుక్కుమంది. ఆ వెంటనే కుడికన్ను. ఓరి దేవుడా! ఆ మంట ఏమిటో ఈ నేల మీద పుట్టినవాళ్ళకు ఒకరు చెప్పాలా? అమ్మ చేతి కారం. రుమాలు నిండా అదే.

నీళ్ళు ధారకట్టాయి. ఎడమకన్ను మూసుకుపోయింది. పర్యవేక్షణకు వచ్చిన మేడమ్ దగ్గరికొచ్చి, "ఏమైందమ్మా? వెళ్ళి కడుక్కుని రా. టైము మాత్రం ఆగదు" అంది.

"వద్దండీ" అంది ఆరాధన. లేస్తే సగం పేరా గోవిందా. పైగా కారం ఒట్టి నీళ్ళకు లొంగదు, ఇంకా పాకుతుంది. అది ఏ పుస్తకంలోనూ చదవక్కర్లేదు ఆమెకు.

కుడికన్ను సందు మాత్రం కాస్త తెరుచుకుంటోంది. ఆ సందులోంచి కాగితమైనా చూడాలి, కీబోర్డైనా చూడాలి. రెండూ అంటే కుదరదు. తల దించితే ఆ కన్నీళ్ళలో వరుస మళ్ళీ దొరకదు. చూపు కాగితం మీదే నిలిపింది.

వేళ్ళు నడుస్తున్నాయి. ఏం కొడుతున్నాయో దేవుడికెరుక. చెయ్యి ఒక్క మీట పక్కకు జరిగిందా, వరుసలకు వరుసలు చెత్త. జరిగిందేమో. చూడనా? ఒక్కసారి, ఒకే ఒక్కసారి? మెడ వంగబోయింది. పళ్ళు బిగించి ఆపుకుంది. చూపుడువేళ్ళతో తడిమింది. ఎఫ్ మీదా జే మీదా ఉండే బుల్లి గీతలు వేళ్ళ కింద తగిలాయి. హమ్మయ్య, తమ ఇంట్లోనే, తమ మీటల మీదే ఉన్నాయి వేళ్ళు. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. కొడుతూనే ఉంది. చివరి వరుస మధ్యలో బెల్లు మోగింది.

తెర మీద ఫలితం పడింది. ఆరాధనకు తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించలేదు.

"మేడమ్, కాస్త చదివి పెడతారా?" అంది.

మేడమ్ వంగి చూసింది. "వేగం నలభై ఒకటి. తప్పులు రెండు." మళ్ళీ తెర వంక చూసి, "రెండే! పాసయ్యావమ్మా" అంది.

అప్పుడు ఏడ్చింది ఆరాధన, కారంతో పనిలేకుండా.

సాయంత్రం బస్సు దిగేసరికి అమ్మ ఎదురుచూస్తోంది. ఎర్రగా ఉబ్బిన కూతురి కళ్ళు చూసి ఆమె మొహం పాలిపోయింది. "పోయిందా తల్లీ? పోతే పోయిందిలే" అంటూ చెంపలు తుడవబోయింది. ఆరాధన ఆ చేతిని గాల్లోనే పట్టేసుకుంది.

"పాసయ్యానే అమ్మా! రెండే తప్పులు!"

సంతోషకుమారి అక్కడే దుమ్ములో కూలబడి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. కాసేపటికి తేరుకుని, "చూశావా మరి! పొద్దున నేను పరిగెత్తుకొచ్చి ఇవ్వబట్టి సరిపోయింది. ఇంతకీ రుమాలు పనికొచ్చిందా?" అంది గొప్పగా.

ఆరాధన అమ్మ వేళ్ళ వంక చూసింది. తనవంతు తొడిమలు కూడా తీసి తీసి గోళ్ళ సందుల్లో తోలు లేచిపోయి ఉంది. రుమాలంతా కారం చేశావని దెప్పాలని బస్సులో అనుకుంది గానీ, ఇప్పుడు మనసు రాలేదు.

"అదే లేకపోతే పాసయ్యేదాన్ని కాదమ్మా" అంది. ఇద్దరూ ఇంటి దారి పట్టారు.