మూడు బ్రేక్ బల్బులు

మా అమ్మాయి మనోజ్ఞ పోయి నలభై రోజులైంది. తన పాలిటెక్నిక్ ప్రాజెక్టు అలమరలో అలాగే ఉంది. చెక్క మీద మూడు కారు బ్రేక్ బల్బులు, పక్కన చిన్న బోర్డు. మీట నొక్కితే వెలుగు పొద్దు వాలినట్టు మెల్లగా తగ్గుతుందట. పూర్తయ్యేదాకా చూడొద్దంది. మేం చూడలేదు.

"ఎలా తగ్గుతుందో ఒక్కసారి చూద్దామండీ" అంది నా భార్య రాజరాజేశ్వరి.

స్కూటర్ బ్యాటరీకి తగిలించాను. బల్బులు భగ్గున వెలిగాయి. మీట నొక్కినా తగ్గలేదు. ఆమె కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది.

మా జగ్గయ్యపేటలో బాగుచేయడానికి ఎవరికివ్వాలో తెలియక, దాన్ని తీసుకుని నందిగామ బస్సెక్కాను. అక్కడ నా పాత విద్యార్థి నవీన్‌బాబు కార్లకు కరెంటు పనులు చేస్తాడు.

"ఏంటి సార్, మళ్లీ పరీక్షలు రాస్తున్నారా?" అన్నాడు నా చేతిలోని చెక్క చూసి, నన్ను నవ్వించాలని.

"ఒక ప్రాజెక్టు. వెలుగు తగ్గడం లేదు" అన్నాను. ఎవరిదో చెప్పలేదు. చెబితే అక్కడ నిలబడలేను.

విప్పి చూసి నవ్వాడు. "కరెంటు తగ్గించే ట్రాన్సిస్టర్ కాలిపోయింది. బల్బులో ఫిలమెంటు చల్లగా ఉంటే ఒక్కసారిగా కరెంటు లాగుతుందని మీరేగా చెప్పింది! రాయలేదని గోడకుర్చీ కూడా వేయించారు. రేపు రండి సార్."

మర్నాడు అతనే మీట నొక్కాడు. వెలుగు ఎక్కడా ఆగకుండా, నునుపుగా దిగిపోయింది.

"ఇలా ఉంటుందా" అన్నాను.

"మొదట ఇలా లేదు సార్. ట్రాన్సిస్టర్ మార్చాక చూస్తే, మధ్యలో ఆగి, కాస్త పెరిగి, మళ్లీ తగ్గుతోంది. తప్పుందనుకుని, మీ పని కదాని బోర్డులోకి కొత్త ప్రోగ్రాం రాసి ఎక్కించా."

"పాతది?"

"దాని మీదే ఎక్కించా. ఇక రాదు. మీ దగ్గర కాపీ ఉంటుందిగా?"

లేదు. మా అమ్మాయి ఆ ప్రోగ్రాం రాసిన ల్యాబ్ కంప్యూటర్లను సెలవుల్లో ఖాళీ చేశామని కాలేజీవాళ్లు పోయిన వారమే చెప్పారు.

"అది మా మనోజ్ఞ చేసింది" అన్నాను.

నవీన్‌బాబు స్టూలు మీద కూలబడ్డాడు. తను పోయిన సంగతి అతనికి తెలుసు.

"నిన్న ఒక్క మాట చెప్తే ముట్టుకునేవాణ్ణి కాదు సార్."

నిజమే.

"వెలుగు ఎక్కడ ఆగింది?" అన్నాను.

"సగంలో... కాదు, ఇంకా కింద." కళ్లు మూసుకుని అరచేతిని గాలిలో దించాడు. ఆపాడు. కొంచెం పైకెత్తి మళ్లీ దించాడు.

"ఆగింది ఎంతసేపు?"

"అంతగా చూళ్లేదు సార్."

"ఇంకోసారి చూపించు."

చూపించాడు. ఈసారి చెయ్యి వేరే చోట ఆగింది.