ఉప్పెక్కిన మడి

చల్లపల్లికి దిగువన, కాలువ చివరి పొలాల్లో ఏసుపాదం కౌలుకు వరి పండించేవాడు. ఆ ఏడు తొలకరికి పోసిన నారు పచ్చగా లేచినట్టే లేచి ఎర్రబారిపోయింది. తెగులేమోనని మందు కొట్టాడు. తేరుకోలేదు. భార్య మార్త మడిలోకి దిగి, నీళ్లు నాలుక్కి తగిలించుకుని ఉమ్మేసింది.

“ఇది తెగులు కాదయ్యా, ఉప్పు!”

పక్క చేను బసవయ్యది. నిరుటి దాకా అందులోనూ వరే. ఇప్పుడు ఉప్పునీళ్లు నింపిన రొయ్యల చెరువు. ఏసుపాదం కోపంగా ఆయనింటికి వెళ్లాడు.

“మీ చెరువు నీళ్లు మా మడిలోకి ఊరతన్నాయండీ. మేం ఎట్టా బతకాలి?”

బసవయ్య తల దించుకున్నాడు. “నేను మాత్రం సరదాకి తవ్వించానా ఏసుపాదం? అవతలోళ్ల చెరువుల ఉప్పు తగిలి నా వరీ ఇట్టాగే మాడింది. చూసి చూసి, ఇంక నావల్ల కాక తవ్వించా.”

ఏసుపాదం వెనుదిరిగి ఇంటికొచ్చేశాడు.

మార్త మాత్రం పట్టు విడవలేదు. “వరి లేకపోతే కోత పండక్కి దేవుడి ముందు ఏం పెడతాం?” అంటూ కాలువ నీళ్లతో మడి కడిగించి, దాచుకున్న విత్తనాలు మళ్లీ చల్లించింది. రోజూ పొద్దున్నే వెళ్లి మొలకల్ని చూసుకునేది. అవీ మాడిపోయాయి. ఆ రోజు వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు.

విజయవాడలో వాచ్‌మన్ పని దొరికిందని ఇద్దరూ మూట సర్దుకుంటుంటే, ఊళ్లో వ్యవసాయ అధికారిణిగా పనిచేసే సింధూరి వచ్చింది.

“మేం చేసిన తప్పేంటమ్మా?” అని అడిగాడు ఏసుపాదం.

ఆమె కళ్లు చెమర్చాయి. “మీదీ తప్పు కాదు, బసవయ్యగారిదీ కాదండీ. ఎవరి బతుకు వాళ్లు చూసుకున్నారు. ఏ నేలలో వరి ఉండాలో, చెరువులు ఎక్కడ తవ్వొచ్చో ముందే ఆలోచించాల్సింది మేము. ఒక్క ఊళ్లో నాలుగు చేలు పోతే ఏమవుతుందిలే అనుకున్నాం. ప్రతి ఊరూ అట్లాగే అనుకుంటే దేశం ఏం తింటుంది?”

విజయవాడ వెళ్లి, బెంజ్ సర్కిల్ దగ్గరి అపార్ట్‌మెంట్‌లో, మెట్ల కింది గదిలో కాపురం పెట్టారు. మొదటిసారి బియ్యం కొనడానికి వెళ్లిన మార్త, “ఈ బియ్యం ఎక్కడివండీ?” అని అడిగింది.

“పై రాష్ట్రం నుంచి వచ్చాయమ్మా. మన దగ్గర పంట తగ్గింది కదా!” అన్నాడు కొట్టు యజమాని.

పుట్టి బుద్ధెరిగాక ఆమె బియ్యం కొనడం అదే మొదలు. సంచీ పట్టుకుని రోడ్డు పక్కనే నిలబడి ఏడ్చింది.

తినే నోళ్లు ఏటేటా పెరుగుతాయి, నేల పెరగదు. ఉన్న నేలలో ఏది అన్నానికో దేశం ముందే తేల్చుకోకపోతే, ఈరోజు బియ్యం కొట్టు ముందు నిలబడి ఏడ్చింది మార్త, రేపు ఆమె వెనక నిలబడేది మనమే.